డొమైన్ గడువు అంటూ మూడు చోట్ల నుంచి మూడు నోటీసులు: ఎవరికి కట్టాలి?

చీరాల_మగ్గం
మాది చీరాలలో కుప్పడం చీరల దుకాణం. 2014లో మా నాన్నగారు ఒక వెబ్ డిజైనర్ చేత సైటు చేయించారు. .కామ్ పేరు (డొమైన్) కూడా ఆయనే కొనిపెట్టాడు. ఏటా ఆయన ఫోను చేసేవాడు, మేము డబ్బు పంపేవాళ్లం, రసీదు వాట్సాప్‌లో వచ్చేది. నాన్నగారు నిరుడు కాలం చేశారు. ఇప్పుడు లెక్కలన్నీ నేనే చూస్తున్నాను.

ఈ వారంలో నాన్నగారి మెయిల్‌కు మూడు నోటీసులు వచ్చాయి. మొదటిది మూడు ఇంగ్లీషు పదాల పేరున్న కంపెనీ నుంచి. మీ డొమైన్ గడువు 9 రోజుల్లో ముగుస్తుంది, 1,340 రూపాయలు కట్టండి అని ఉంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. రెండోదాని మీద ఎర్ర అక్షరాల్లో ‘చివరి నోటీసు’ అని ఉంది, 86 డాలర్లు, ఈ రోజే ఆఖరు అట. మూడోది ఇంకో కంపెనీ, 45 డాలర్లు. అందులో మా దుకాణం పేరు, వీధి పేరు, నాన్నగారి పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడింటిలోనూ మా డిజైనర్ పేరు లేదు. ఆయన ఫోను నాలుగు రోజులుగా స్విచాఫ్.

ఏ లింకూ నొక్కవద్దని బ్యాంకు వాళ్లు చెబుతారు. నొక్కకపోతే పేరు పోతుందేమోనని భయం. నాలుగు వేల కవర్ల మీద ఆ పేరు అచ్చు వేయించి ఉంది. ఏది నిజమో చెప్పగలరా?

గోదారిగట్టు
మూడూ మోసమే. మూడూ తీసేయండి. డిజైనర్ దొరికేదాకా ఎవరికీ పైసా కట్టవద్దు.

సర్వర్_గది
ఈ ఒక్క విషయంలో గోదారిగట్టు గారి మాట వినకండి. మొదటిది నిజమై ఉండే అవకాశం ఎక్కువ. తీసేస్తే గడువు దాటాక సైటు ఆగిపోవచ్చు.

మీ వ్యాపారంలోని పోలికే చెబుతాను. నేసేవారు ఒకరు, నేయించి టోకున ఇచ్చేవారు ఒకరు, దుకాణంలో అమ్మేవారు ఒకరు. డొమైన్ కూడా అంతే. .కామ్ పేర్లన్నిటి అసలు చిట్టా వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది, దాన్ని రిజిస్ట్రీ అంటారు. ఆ చిట్టాలో పేరు రాయించే అధికారం, డొమైన్ పేర్ల వ్యవస్థకు నియమాలు పెట్టే ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లకే ఉంటుంది. వాళ్ల దగ్గర టోకున తీసుకుని అమ్మేవారు రీసెల్లర్లు. మీ డిజైనర్ రీసెల్లర్ అయి ఉంటాడు, లేదా ఏ రీసెల్లర్ దగ్గరో ఖాతా తెరిచి కొని ఉంటాడు. మీరు చూసింది దుకాణం బోర్డు మాత్రమే. ఇప్పుడు ఉత్తరం టోకు వ్యాపారి పేరు మీద వచ్చింది.

ముందు ఒక పని చేయండి. మెయిల్‌లోని ఏ లింకూ ముట్టుకోకుండా, బ్రౌజర్‌లో కొత్త కిటికీ తెరిచి ‘లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్’ అని ఇంగ్లీషులో మీరే టైపు చేయండి. అక్కడ మీ డొమైన్ పేరు ఇవ్వండి. ‘రిజిస్ట్రార్’ అన్న వరుసలో ఎవరి పేరు ఉందో ఇక్కడ చెప్పండి.

పూలతోట
రెండో మెయిల్‌లో అన్నిటికన్నా కింద, బూడిద రంగు అక్షరాల్లో ఏమైనా ఉందేమో చూడండి. నాకు వచ్చినదానిలో ఉంది. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు, చీమ తలకాయంత అక్షరాలు. ఫోనులో వేళ్లతో లాగి పెద్దది చేస్తే తప్ప కనిపించలేదు. ‘ఇది బిల్లు కాదు, కట్టవలసిన బాధ్యత మీకు లేదు, ఇది సెర్చ్ ఇంజన్లలో మీ సైటును నమోదు చేసే సేవకు ఆహ్వానం’ అని రాసి ఉంది. పైన మాత్రం ‘డొమైన్ గడువు’ అని ఇంత లావు అక్షరాలు!

చీరాల_మగ్గం
పూలతోట గారూ, ఉంది! అచ్చం అలాగే ఉంది. ఇంకో గంటలో కట్టేసేదాన్ని. మా చెల్లి కార్డు కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది.

డల్లాస్_తెలుగు
మూడోదాని సంగతి నేను చెప్పగలను, మాకు ఇక్కడ ఇది పాత జబ్బు. దీన్ని డొమైన్ స్లామింగ్ అంటారు. మన పేరు, చిరునామా రిజిస్ట్రేషన్ వివరాల్లోంచి ఎత్తి, బిల్లులాంటి ఉత్తరం పంపుతారు. రెన్యువల్ అనుకుని కట్టామా, డొమైన్‌ను మన రిజిస్ట్రార్ దగ్గర నుంచి వాళ్ల దగ్గరికి బదిలీ చేయడానికి ఒప్పుకున్నట్టే. ధర రెండు మూడింతలు.

అమెరికాలో ‘డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా’ అనే పేరుతో ఇలాంటి ఉత్తరాలు ఏళ్ల తరబడి తిరిగాయి. ఆ పేరు చూస్తే ఎవరికైనా ప్రభుత్వ శాఖ అనిపించదా? 2003లో వినియోగదారులను కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కోర్టుకు వెళ్లింది. ఆ వ్యాపారంతో ముడిపడిన బ్రాండన్ గ్రే అనే రిజిస్ట్రార్ గుర్తింపును 2014లో ఐకాన్ కొంతకాలం నిలిపివేసింది. పదకొండేళ్లు పట్టింది చూడండి. ఈలోగా ఎందరు ముసలివాళ్లు, ఎన్ని చర్చిలు, ఎన్ని చిన్న దుకాణాలు చెక్కులు రాసి పంపాయో!

2018 మేలో యూరప్ సమాచార గోప్యత చట్టం వచ్చాక యజమానుల వివరాలు బయటికి కనిపించడం బాగా తగ్గింది. కానీ అంతకు ముందే కాపీ చేసి పెట్టుకున్న జాబితాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మీది 2014 నాటి డొమైన్, కాబట్టి నాన్నగారి పేరు, వీధి పేరు వాళ్లకు తెలియడంలో ఆశ్చర్యం లేదు.

లెక్కల_మాస్టారు
అందరూ మోసగాళ్లనే తిడుతున్నారు. తప్పు మనది కాదా? ఇంటి పన్ను ఎవరికి కడుతున్నామో తెలుసు, కరెంటు బిల్లు ఎవరికి కడుతున్నామో తెలుసు. సొంత పేరు ఎవరి దగ్గర ఉందో పదేళ్లపాటు తెలుసుకోకపోవడం అజాగ్రత్త. క్షమించాలి, చీరాల_మగ్గం గారిని అనడం లేదు, ఇది అందరికీ వర్తిస్తుంది.

అక్షరపాళి
మాస్టారూ, నేను ఒప్పుకోను. కరెంటు బిల్లు ఏటా ఒకే సంస్థ పేరుతో వస్తుంది, అందుకే మీకు తెలుసు. ఇక్కడ కొన్నది ఒకరి దగ్గర, రసీదు ఇంకొకరి పేరు మీద, నోటీసు మూడోవారి నుంచి, కార్డు స్టేట్‌మెంట్‌లో పడేది నాలుగో పేరు. నిజమైన నోటీసు దొంగ నోటీసులా ఉండి, దొంగది నిజమైనదానికన్నా శుభ్రంగా ఉంటే మనిషి ఏం చేయాలి?

మా బాధ చెబుతాను. మేం కొందరం కలిసి ఒక చిన్న పత్రిక పాత సంచికలు స్కాన్ చేసి సైటులో పెట్టాం. ఆరేళ్ల పని. ఒక్కో సంచిక విప్పి, పురుగు కొట్టిన పుటలకు పలచని కాగితం అతికించి, ఒక్కో పుట స్కానర్ మీద పరిచిన పని. డొమైన్ మాలో ఒకరి కాలేజీ మెయిల్ మీద ఉంది. ఆయన ఉద్యోగ విరమణ చేశారు, ఆ మెయిల్ మూతపడింది. నోటీసులు అందులోకే వెళ్లాయి. ఒకటి రెండు మాకు కూడా వచ్చాయి, కానీ మేం కొన్న కంపెనీ పేరు కాదు కాబట్టి మోసమనుకుని తీసేశాం. గోదారిగట్టు గారు ఇచ్చిన సలహానే అప్పట్లో మాకూ ఇచ్చారు.

ఒక రోజు సైటు తెరుచుకోలేదు. సర్వర్ పాడైందనుకుని పది రోజులు ఊరుకున్నాం. రెండు నెలల తర్వాత తెరిస్తే అదే పేరు మీద పేకాట సైటు. స్కాన్లు మా దగ్గరే ఉన్నాయి, వాటిని వేరే పేరు మీద మళ్లీ పెట్టాం. కానీ పరిశోధన వ్యాసాల్లో, పుస్తకాల అధస్సూచికల్లో ఇచ్చిన పాత లింకులన్నీ ఇప్పటికీ పేకాటకే వెళ్తున్నాయి. ఇది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

గోదారిగట్టు
అక్షరపాళి గారూ, చదివాక మనసు చివుక్కుమంది. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుడ్డిగా తీసేయమనడం కూడా ప్రమాదమే.

సర్వర్_గది
ఈ గడువుల లెక్క అందరూ తెలుసుకోవాలి. ఐకాన్ నియమం ప్రకారం 2013 ఆగస్టు చివరి నుంచి ప్రతి రిజిస్ట్రార్ గడువుకు దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటిన 5 రోజుల లోపు ఇంకోసారి నోటీసు ఇవ్వాలి. తొలగించే ముందు చివరి 8 రోజులైనా డొమైన్ పనిచేయకుండా ఆపాలి. అంటే సైటు ఆగడమే చివరి నోటీసు. మెయిళ్లు చూడనివాళ్లు కనీసం అదైనా చూస్తారని ఆ నియమం పెట్టారు.

.కామ్ విషయంలో గడువు దాటాక మామూలు ధరకే రెన్యువల్‌కు 45 రోజుల వరకు వెసులుబాటు ఉండవచ్చు, కానీ ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ ఇష్టం. కొందరు ముందే వేలానికి పెడతారు. తొలగించాక పాత యజమాని పేరును తిరిగి తెచ్చుకునేందుకు 30 రోజుల విమోచన కాలం ఉంటుంది, అప్పుడు అదనపు రుసుము భారీగా ఉంటుంది. ఆపైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. తర్వాత పేరు ఎవరిదైనా కావచ్చు.

తాటాకు
నాది వింత కేసు. నా డొమైన్ పేరు పూర్తిగా తెలుగు లిపిలోనే, చివర .భారత్ కూడా తెలుగులోనే. ఎంతో ముచ్చటపడి తీసుకున్నాను. రెన్యువల్ నోటీసులో మాత్రం ఆ పేరు లేదు. ఇంగ్లీషు ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు, ఆ తర్వాత నోరు తిరగని అక్షరాలూ అంకెలూ. ఇది నాది కాదు, ఎవరికో పంపబోయి నాకు పంపారు అనుకున్నాను. అది పనీకోడ్ అనీ, కంప్యూటర్ల మధ్య తెలుగు పేరు ఆ రూపంలోనే తిరుగుతుందనీ మా మేనల్లుడు చెప్పేదాకా తెలియదు. తెలుగు డొమైన్ అమ్మినప్పుడు, నోటీసులో ఒక్క వరుస తెలుగులో రాయడానికి ఏం అడ్డం?

పూలతోట
తాటాకు గారూ, పేరు ఎంత బాగుందో చెప్పకుండా ఊరించారు!

హైటెక్_పక్కసందు
ఆటో రెన్యువల్ పెట్టుకుంటే చాలు అనేవాళ్లకు ఒక హెచ్చరిక. కార్డుల మీద ప్రతిసారీ ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే పద్ధతికి రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నియమాలు తెచ్చింది. ముందుగా మాండేట్ (డబ్బు కోసుకోవడానికి మన అనుమతి) నమోదు కావాలి, డబ్బు కోసే 24 గంటల ముందు సమాచారం రావాలి. ఈ ఏర్పాటులో లేని విదేశీ కంపెనీల చెల్లింపులు తిరస్కరణకు గురయ్యాయి. నా డొమైన్ విదేశీ రిజిస్ట్రార్ దగ్గర ఉంది. ఖాతాలో ఆటో రెన్యువల్ గుర్తు పచ్చగా వెలుగుతూనే ఉంది. చెల్లింపు విఫలమైందని మెయిల్ వచ్చింది, అదీ నాకు తెలియని పేరుతో. అంతకు ముందే ఆ కంపెనీని వేరొకరు కొన్నారట. నాలుగు రోజులు నా మెయిల్ ఆగిపోయింది.

సర్వర్_గది
చేతులు మారడం ఈ రంగంలో చాలా ఎక్కువ. 2023లో గూగుల్ తన డొమైన్ల వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్‌కు అమ్మింది, దాదాపు కోటి డొమైన్లు. ఎనామ్ అనే రిజిస్ట్రార్‌ను 2017లో టూకౌస్ అనే మరో రిజిస్ట్రార్ కొంది. 2021లో ఏర్పడిన న్యూఫోల్డ్ డిజిటల్ కింద నెట్‌వర్క్ సొల్యూషన్స్, బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, మన దేశంలో పుట్టిన బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్ అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. బోర్డులు మాత్రం వేటికవే. అందుకే ఏటా ఒకసారి లుకప్‌లో చూసుకోమని నా దగ్గరికి వచ్చిన ప్రతివారికీ చెబుతాను.

లెక్కల_మాస్టారు
పేర్లు ఇన్ని మారతాయని నాకూ తెలియదు. సరే, అజాగ్రత్త అన్న మాట సగం వెనక్కి తీసుకుంటాను. మిగతా సగం మీద మాత్రం నిలబడతాను: పెద్ద పెద్దవాళ్లే మరిచిపోతారు కాబట్టి రాసి పెట్టుకోవడం మన పనే. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే తన డొమైన్‌కు కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. ఎంతోమంది లోపలికి వెళ్లలేకపోయారు. చివరికి సంబంధం లేని ఒక లినక్స్ ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి పుణ్యం కట్టుకున్నాడు.

చీరాల_మగ్గం
లుకప్‌లో చూశాను. రిజిస్ట్రార్ వరుసలో ఉన్నది మొదటి మెయిల్‌లోని మూడు పదాల పేరే! సర్వర్_గది గారు చెప్పింది నిజం. గడువు తేదీ కూడా ఆ మెయిల్‌లోని తేదీయే. యజమాని వివరాలు మాత్రం దాచి ఉన్నాయి. ఇప్పుడు ఎలా కట్టాలి? నా దగ్గర లాగిన్ లేదు.

మాస్టారి మాట నాకు కోపం తెప్పించలేదు. నాన్నగారు ఉన్నప్పుడే అడిగి ఉండవలసింది.

సర్వర్_గది
ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి. గడువు దాటాక చూస్తే తేదీ ఒక సంవత్సరం ముందుకు జరిగినట్టు కనిపించవచ్చు. ‘హమ్మయ్య, ఎవరో కట్టేశారు’ అనుకోవద్దు. గడువు రోజున .కామ్ రిజిస్ట్రీ తన చిట్టాలో తనంతట తాను ఏడాది పొడిగిస్తుంది. మీరు డబ్బు కట్టకపోతే రిజిస్ట్రార్ ఆ 45 రోజుల లోపు దాన్ని రద్దు చేసి తన సొమ్ము వెనక్కి తీసుకుంటుంది. నాకు తెలిసిన ఇద్దరు ఆ తేదీ చూసి నిశ్చింతగా ఉండి పేర్లు పోగొట్టుకున్నారు.

ఇక లాగిన్ సంగతి. రిజిస్ట్రార్ సైటు చిరునామా మీరే టైపు చేసి సహాయ విభాగానికి రాయండి: డొమైన్ పేరు, రీసెల్లర్ అందుబాటులో లేడని, నోటీసు వచ్చిన మెయిల్ మీ నాన్నగారిదని. రీసెల్లర్ ద్వారా అమ్మినా ఐకాన్ ఒప్పందం ప్రకారం బాధ్యత రిజిస్ట్రార్‌దే. రీసెల్లర్ మాయమయ్యాడు కాబట్టి మాకు సంబంధం లేదు అనడానికి వీల్లేదు. నోటీసు నాన్నగారి మెయిల్‌కే వచ్చిందంటే యజమానిగా ఆయన మెయిల్ నమోదై ఉందన్నమాట. అది మీ అదృష్టం. చాలాచోట్ల డిజైనర్లు తమ మెయిలే పెట్టుకుంటారు.

హైటెక్_పక్కసందు
రిజిస్ట్రార్ మార్చుకోవాలని ఇప్పుడు తొందరపడవద్దు. ముందు ఉన్నచోటే కట్టండి. యజమాని పేరు మార్చాక కొన్నిచోట్ల 60 రోజులు బదిలీకి తాళం పడుతుంది.

పూలతోట
పేరు మార్చాక మెయిల్ సరిచూసుకోమని ఒక లింకు వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. అది నిజమైన నోటీసు. మా తమ్ముడు మోసమనుకుని వదిలేశాడు, పదహారో రోజున సైటు పోయింది. నొక్కే ముందు పంపినవారి పేరును లుకప్‌లోని రిజిస్ట్రార్ పేరుతో పోల్చుకోండి.

డల్లాస్_తెలుగు
బ్యాంకులకు మాత్రం ఒక మంచి పని జరిగింది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ .బ్యాంక్.ఇన్ పేరుకు మారాలన్నారు. ఆ పేర్లకు రిజిస్ట్రార్ ఒక్కటే, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ. ఎవరికి కట్టాలన్న సందేహమే లేదు. చిన్న దుకాణాలకు కూడా నోటీసు మొదటి వరుసలో ‘మీరు కొన్నది ఫలానా వారి దగ్గర, వారి తరఫున మేము రాస్తున్నాం’ అని ఉంటే సగం గొడవ తీరుతుంది.

అక్షరపాళి
డల్లాస్_తెలుగు గారు చెప్పిన ఆ ఒక్క వరుస ఉండి ఉంటే మా పత్రిక లింకులు బతికి ఉండేవి.

చీరాల_మగ్గం
మూడు రోజులుగా ఇటు రాలేదు, జరిగింది చెబుతాను. రిజిస్ట్రార్ సహాయ విభాగానికి రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. నాన్నగారి మెయిల్‌కు ఒక కోడ్ పంపి, అది చెప్పాక ఖాతా తెరిచి ఇచ్చారు. రెండేళ్లకు కట్టాను. యజమానిగా అమ్మ పేరు పెట్టాను. సరిచూసుకునే లింకు వచ్చింది, పూలతోట గారు చెప్పినట్టు పేరు పోల్చుకున్నాకే నొక్కాను.

నిన్న సాయంత్రం డిజైనర్ గారి అబ్బాయి ఫోను చేశాడు. ఆయనకు పక్షవాతం వచ్చి గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారట. ‘చీరాల డొమైన్ గడువు వస్తోంది, వాళ్లకు చెప్పు’ అని మంచం మీద నుంచే చెప్పారట. ఇన్నాళ్లూ ఆయన్ని మనసులో ఎన్ని మాటలు అనుకున్నానో. ఆదివారం చూడటానికి వెళ్తున్నాను.

మా దుకాణం పద్దు పుస్తకంలో కరెంటు మీటరు నంబరు రాసుకునే పుట ఒకటి ఉంది, నాన్నగారి చేతిరాత. దాని కింద రిజిస్ట్రార్ పేరు, గడువు తేదీ, ఏ మెయిల్‌కు నోటీసు వస్తుందో అమ్మ చేత రాయించాను.

తాటాకు
డిజైనర్ గారు త్వరగా కోలుకోవాలి. ఆయన చేతిలో ఇంకెన్ని డొమైన్లు ఉన్నాయో వాళ్ల అబ్బాయిని అడగండి. మిగతావాళ్లకు కూడా ఈ పాటికి నోటీసులు వెళ్లి ఉంటాయి.

చీరాల_మగ్గం
అడిగాను. ముప్ఫై ఒకటి ఉన్నాయట. ఆదివారం ఆ జాబితా తీసుకుని వస్తాను. సర్వర్_గది గారూ, ఒక్కోటీ లుకప్‌లో చూసి ఇక్కడ రాస్తే సాయం చేస్తారా?

సర్వర్_గది
డొమైన్ పేర్లు ఇక్కడ బహిరంగంగా రాయవద్దు, నాకు సందేశం పంపండి. గడువు దగ్గరపడినవి ముందు పెట్టండి. ఆదివారం రాత్రి కూర్చుంటాను.

గోదారిగట్టు
నేనూ కూర్చుంటాను. సగం నాకు పంపండి.